వీడియోలో నా పరుగు చూసి నాకే నవ్వొచ్చింది

ఈసారి వచ్చిన ఉత్తరం చాలా పెద్దది. రాసినావిడ పేరు వేయొద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం చెబుతాను.

ఆవిడ వయసు 38. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. రెండేళ్ల కిందట నడకతో మొదలుపెట్టి మెల్లగా పరుగులోకి వచ్చారు. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు కిలోమీటర్లు. ఏ నొప్పీ లేకుండా ఏడాదిన్నర గడిచింది. "ఆ అరగంట మాత్రమే నాది. ఆ టైములో నన్నెవరూ ఏమీ అడగరు" అని రాశారు.

నాలుగు నెలల కిందట ఆఫీసువాళ్ల రన్నింగ్ గ్రూపులో చేరారు. అందరూ హాఫ్ మారథాన్‌కి, అంటే 21 కిలోమీటర్ల పోటీకి, పేర్లిస్తుంటే ఈవిడా ఇచ్చారు. వారానికి 12 కిలోమీటర్లు పరిగెత్తే మనిషి నాలుగు వారాల్లో 30కి వెళ్లారు. ఆదివారం ఒక్కరోజే 14. నెలాఖరుకి రెండు కాళ్లలోనూ మోకాలి కింద, లోపలి వైపు ఎముక వెంబడి జానెడు మేర నొప్పి. మూడు వారాలు పూర్తిగా మానేస్తే తగ్గింది. గ్రూపు ముందుకెళ్లిపోతోందన్న కంగారులో మళ్లీ 28 కిలోమీటర్ల దగ్గర అందుకున్నారు. రెండో వారానికి కుడి మోకాలు మొదలైంది. మెట్లు దిగుతుంటే నొప్పి, మీటింగులో గంట కూర్చుని లేస్తే మోకాలి చిప్ప చుట్టూ నొప్పి.

ఇక సలహాలు వచ్చి పడ్డాయి. గ్రూపులో చాలా ఏళ్లుగా పరిగెత్తుతున్న పెద్దాయన ఒకరు "మడమ మీద పడుతున్నావమ్మా, అదే జబ్బు. మునివేళ్ల మీద పడు" అన్నారు. పది రోజులు అలాగే చేశారు. మోకాలు కాస్త నయమైంది, కానీ ఎడమ మడమ వెనక, రెండు మూడు వేళ్ల పైన పట్టేసింది. పొద్దున్నే మంచం దిగి పది అడుగులు కుంటితే గానీ నడక సాఫీగా రావడం లేదు. ఇంకొకరు వాచీ చూసి "నిమిషానికి 158 అడుగులేనా? 180 ఉండాలి" అన్నారు. మరొకరు చదునుపాదాలు అన్నారు, కొత్త బూట్లు కొన్నారు. చివరికి స్నేహితురాలు వీడియో తీసి చూపించింది. "తల ఒక పక్కకి వాలి ఉంది, ఎడమ చేయి ఎవరినో తోసేస్తున్నట్టు ఊగుతోంది, పాదాలు చప్పట్లు కొట్టినట్టు మోగుతున్నాయి. నా పరుగు చూసి నాకే నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది" అని రాశారు.

భర్త "ఆపేసి నడువు, చాలు" అంటున్నారు. పోటీకి ఇంకా పది వారాలుంది. ఆవిడ అడిగినవి ఇవి: నా పరుగే తప్పా? దాన్ని సరిచేసుకోవచ్చా? పోటీకి వెళ్లాలా, మానుకోవాలా? పెద్దాయన మాట వినకపోతే ఆయన నొచ్చుకోరా?

*

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి నొప్పుల కోసం, రెండోసారి అంకెల కోసం. ఎక్కడ నొప్పో రాసేవాళ్లు చాలామంది ఉంటారు. ఏ వారం ఎంత పరిగెత్తారో రాసేవాళ్లు తక్కువ. మీరు రాశారు కాబట్టి నా పని సగం అయిపోయింది.

ఏడాదిన్నర పాటు ఇదే తల, ఇదే చేయి, ఇవే పాదాలు. అప్పుడు నొప్పి లేదు. అప్పటికీ ఇప్పటికీ మధ్య మారింది మీ పరుగు తీరు కాదు, పరుగు మోతాదు. వీడియో మీకు కొత్తగా కనిపించింది గానీ మీ కాళ్లకు కొత్త కాదు.

చిన్న లెక్క వేద్దాం. మీ నాలుగు కిలోమీటర్లు అరగంటలో అవుతున్నాయంటే కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు. నిమిషానికి 158 చొప్పున కిలోమీటరుకు దాదాపు 1,185 అడుగులు. వారానికి 12 కిలోమీటర్లప్పుడు ఒక్కో కాలు 7,100 సార్లు నేలను తాకేది. 30 కిలోమీటర్లప్పుడు అది 17,800 దాకా పోయింది. పరుగులో కాలు నేలను తాకిన ప్రతిసారీ దాని మీద పడే బలం ఒంటి బరువుకు రెండు, రెండున్నర రెట్లు ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పెరిగిన పనికి అలవాటు పడతాయి. ఎముకకీ, కండరాన్ని ఎముకకి అతికించి ఉంచే టెండన్‌కీ నెలలు పడుతుంది. అందుకే ఆయాసం లేదు కదా అని ముందుకెళ్తాం. కాళ్లు వెనకబడి ఉన్నాయన్న సంగతి నొప్పి వచ్చాక గానీ తెలియదు.

వారానికి పది శాతానికి మించి పెంచకూడదన్న రూలు మీరూ వినే ఉంటారు. నెదర్లాండ్స్‌లో కొత్త రన్నర్ల మీద దాన్ని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. మెల్లగా పెంచినవాళ్లలోనూ, కొంచెం తొందరగా పెంచినవాళ్లలోనూ దాదాపు ఐదుగురిలో ఒకరికి గాయాలయ్యాయి. కాబట్టి పదిలో మహిమేమీ లేదు. కానీ నాలుగు వారాల్లో రెండున్నర రెట్లు ఏ రూలుకీ అందదు. మూడు వారాలు ఖాళీగా ఉండి 28 దగ్గర మొదలుపెట్టడం అంతకన్నా పెద్ద పొరపాటు. విశ్రాంతితో నొప్పి తగ్గుతుంది, బలం పెరగదు. పైగా కొంత తగ్గుతుంది.

పరుగు తీరు దగ్గరికి వచ్చేముందు ఒక్క మాట. ఎముక నొప్పి ఇప్పుడు లేదన్నారు, మంచిదే. అది మళ్లీ వచ్చి, జానెడు మేర కాకుండా ఒక్క వేలితో "ఇక్కడే" అని చూపించగలిగేట్టు ఉన్నా, రాత్రి పడుకున్నప్పుడు సలిపినా, ఒంటి కాలి మీద గెంతితే కలుక్కుమన్నా పరుగు ఆపి ఎముకల డాక్టరుకు చూపించండి. ఎముక చిట్లి ఉండొచ్చు, ఆలస్యం చేయకూడదు. ఇంకోటి మీరు రాయలేదు, నేను అడుగుతున్నాను. దూరం పెంచాక నెలసరి తప్పిందా, బరువు బాగా తగ్గారా? అయితే అదీ డాక్టరుకు చెప్పండి. తిండి చాలక ఎముక బలహీనపడుతుంటే పాదం ఎక్కడ పడుతోందన్న చర్చ దండగ.

ఇప్పుడు వీడియో. పరుగు అందంగా ఉండాలన్న రూలెక్కడా లేదు. చెకొస్లొవేకియా రన్నర్ ఎమిల్ జాటోపెక్ పరిగెత్తుతుంటే మొహం వంకర్లు తిరిగేది, తల ఊగిపోయేది, చూసేవాళ్లు ఇప్పుడో ఇంకాసేపట్లోనో పడిపోతాడనుకునేవారు. ఆయనే 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచాడు. బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్ అడుగడుగుకీ తల ఆడిస్తూనే 2003లో లండన్‌లో 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో మారథాన్ ముగించి ప్రపంచ రికార్డు పెట్టింది. ఇథియోపియా రన్నర్ హైలె గెబ్రెసెలాసీ ఎడమ చేయి కొంచెం వంకరగా, ఒంటికి దగ్గరగా ఉండేది. చిన్నప్పుడు పుస్తకాలు పట్టుకుని బడికి పరిగెత్తిన అలవాటు అంటారు. మీ ఎడమ చేతికీ ఏదో కథ ఉండే ఉంటుంది, దాని మానాన దాన్ని వదిలేయండి.

అలాగని పరుగు తీరుతో పనే లేదనడం లేదు. పని ఉంది, కాకపోతే అందరూ అనుకునే పని కాదు. తీరు మారిస్తే కాళ్ల మీద భారం మాయమైపోదు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్తుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మీకు జరిగినదంతా అర్థమవుతుంది. మడమ మీద పడేవాళ్లలో ఎక్కువ పని మోకాలిది. మునివేళ్ల మీద పడితే ఆ పనిలో కొంత పిక్కకీ, మడమ వెనక మనందరం నరం అని పిలిచే టెండన్‌కీ పోతుంది. పెద్దాయన సలహా పని చేసింది, మీ మోకాలు నయమైంది. బిల్లు మాత్రం మడమ వెనకకి వచ్చింది. ఇన్నేళ్లూ అంత పని చేయని టెండన్‌కి పది రోజుల్లో ఆ భారమంతా అప్పగిస్తే మొరాయించదా?

మడమ మీద పడటం జబ్బేమీ కాదు. 2004లో జపాన్‌లోని సప్పోరోలో జరిగిన హాఫ్ మారథాన్‌లో 15వ కిలోమీటరు దగ్గర కెమెరా పెట్టి చూశారు. అక్కడ పరిగెత్తినవాళ్లలో మంచి రన్నర్లే ఎక్కువ. వాళ్లలోనూ నలుగురిలో ముగ్గురు మడమ మీదే పడుతున్నారు. ఇంకో పరిశోధన హాంకాంగ్‌లో జరిగింది, 2018లో వచ్చింది. 320 మంది కొత్త రన్నర్లలో కొందరికి ట్రెడ్‌మిల్ మీద, అడుగు ఎంత గట్టిగా పడుతోందో తెర మీద చూపించే గీతను చూసుకుంటూ మెత్తగా దిగడం రెండు వారాలు నేర్పారు. ఏడాదిలో వాళ్ల గాయాలు మిగతావాళ్లకన్నా 62 శాతం తక్కువ. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. ఆ నేర్చుకున్నవాళ్లకు పిక్క, మడమ వెనక టెండన్ గాయాలు మాత్రం మిగతావాళ్లకన్నా ఎక్కువ వచ్చాయి. మీ ఉత్తరానికి ఆ రెండో సగమే ముఖ్యం.

అంటే ఇప్పుడు మీరు మునివేళ్ల మీద పడే ప్రయత్నం ఆపేయాలి. అలాగని మడమ గుద్దుకుంటూ దిగమనీ కాదు. పాదం ఎలా పడుతోందన్న ఆలోచనే పక్కన పెట్టి, ఎక్కడ పడుతోందో చూడండి.

ఆ వీడియో మళ్లీ తెరవండి, ఈసారి ఏడవడానికి కాదు. ఎదుటి నుంచి తీసింది పనికిరాదు, పక్క నుంచి తీసింది కావాలి. లేకపోతే ఫోన్ నడుము ఎత్తులో పట్టుకుని, స్లో మోషన్‌లో మళ్లీ తీయించుకోండి. ఒక్కో ఫ్రేమూ జరుపుతూ బూటు నేలను తాకిన మొదటి ఫ్రేమ్ దగ్గర ఆపండి. పాదం మోకాలికి ఇంచుమించు కిందే ఉందా, దాన్ని దాటి ముందుకు పోయిందా? మోకాలు కొంచెం వంగి ఉందా, కర్రలా బిగిసి ఉందా? బూటు ముందుభాగం ఎదుటివాళ్లకు అడుగుభాగం కనిపించేంతగా పైకి లేచి ఉందా? పాదం ముందుకు పోయి, మోకాలు బిగిసి, బూటు మొన పైకి లేచి ఉంటే మీరు అడుగు వేయాల్సిన చోట అంగ వేస్తున్నారు. అలా ముందుకు చాచిన కాలు ప్రతిసారీ చిన్న బ్రేకులా పని చేస్తుంది. ఒళ్లు ముందుకు పోవాలంటుంది, కాలు ఆగమంటుంది. మధ్యలో నలిగేది మోకాలు, దాని కింది ఎముక. పాదాలు చప్పట్లు కొట్టినట్టు మోగుతున్నాయని రాశారు చూశారూ, మొత్తం వీడియోలో నాకు కావాల్సిన సాక్ష్యం అదొక్కటే. అంగ సాచినప్పుడు మడమ తగిలిన వెంటనే పాదం ముందుభాగం పట్టు తప్పి టప్పున పడుతుంది. ఆ చప్పుడు అదే అయ్యుంటుందని నా ఊహ, ఫ్రేమ్ చూస్తే తేలిపోతుంది.

అంగ తగ్గించడానికి తేలికైన దారి అడుగుల లెక్కను కొంచెం పెంచడం. ఇక్కడే ఆ 180 సంగతి చెప్పాలి. అది ఎక్కడిదంటే, 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో జాక్ డేనియల్స్ అనే కోచ్ కూర్చుని రన్నర్ల అడుగులు లెక్కపెట్టాడు. దాదాపు అందరూ నిమిషానికి 180, ఆ పైన వేస్తున్నారు. వాళ్లు ఒలింపిక్స్‌కి వచ్చినవాళ్లు, అది పోటీ రోజు. కిలోమీటరు మూడు నిమిషాల్లో పరిగెత్తే మనిషి అడుగుల లెక్కని ఏడున్నర నిమిషాలు తీసుకునే మనిషికి అంటగట్టడం ఏం న్యాయం? వేగం పెరిగితే అడుగులూ పెరుగుతాయి. ఎత్తునిబట్టీ మారతాయి. నేనూ ఒకప్పుడు ఈ 180 పిచ్చిలో పడి చెవిలో టిక్ టిక్ యాప్ పెట్టుకుని వెళ్లాను. రెండో కిలోమీటరుకి ఆయాసం, మూడో కిలోమీటరుకి పిక్కలు పట్టేశాయి, ఆ రాత్రి నిద్రలోనూ టిక్ టిక్ వినిపించింది.

మీకు కావాల్సింది ఐదు శాతం. విస్కాన్సిన్ పరిశోధకులు 2011లో చూపించింది కూడా అదే: వేగం మార్చకుండా అడుగుల లెక్కని ఐదు నుంచి పది శాతం పెంచితే మోకాలి మీద, తుంటి మీద భారం తగ్గుతుంది. 158కి ఐదు శాతం కలిపితే 166. మీ వేగంలో ఒక్కో అడుగు ఇప్పుడు 84 సెంటీమీటర్లు పడుతోంది. 166కి వెళ్తే 80 అవుతుంది. తేడా నాలుగు సెంటీమీటర్లు, రెండు వేళ్ల వెడల్పు. అదే 180కి దూకితే పది సెంటీమీటర్లు కోయాలి, అప్పుడది పరుగులా ఉండదు.

యాప్ అక్కర్లేదు. అరనిమిషం పాటు కుడి పాదం ఎన్నిసార్లు పడుతోందో లెక్కపెట్టండి. ఇప్పుడు 39 లేదా 40 వస్తుంది. 41 లేదా 42 వస్తే చాలు. రెండంటే రెండు దెబ్బలు ఎక్కువ. మొదట్లో ప్రతి ఐదు నిమిషాలకు ఒక నిమిషం మాత్రమే ఇలా పరిగెత్తి, మిగతా నాలుగు నిమిషాలు మామూలుగా మీ ధోరణిలో వెళ్లండి. వారం వారం ఆ నిమిషాన్ని సాగదీయండి. చాలామంది చేసే తప్పేమిటంటే అడుగులు పెంచమంటే వేగం పెంచేస్తారు. పక్కన ఎవరైనా ఉంటే వాళ్లతో మాట్లాడగలుగుతున్నారా అని చూసుకోండి. మాట తెగుతుంటే మీరు అడుగులు కాదు, వేగం పెంచారన్నమాట. ట్రెడ్‌మిల్ దొరికితే ఇంకా సులువు, బెల్టు వేగం మీ చేతిలో ఉంటుంది.

ఇంకొన్ని చిన్నవి. చప్పుడు వినండి, నిశ్శబ్దంగా దిగాలనుకుంటే శరీరమే దారి వెతుక్కుంటుంది. కానీ నిశ్శబ్దం కోసం మళ్లీ మునివేళ్ల మీదకి వెళ్లిపోకండి, ఆ ప్రమాదం ఉంది. ముందుకు వాలాలనిపిస్తే నడుము దగ్గర వంగకుండా చీలమండ దగ్గర నుంచి ఒళ్లంతా కొంచెం వాలాలి. పరిగెత్తేటప్పుడు మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటున్నట్టు ఉంటే పాదాలను ఒక్క వేలి వెడల్పు దూరంగా వేయండి. ఇవన్నీ ఒకేసారి మాత్రం వద్దు. అడుగుల లెక్క ఒక్కటే పెట్టుకోండి, అది అలవాటయ్యాక మిగతావి చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి.

మడమ వెనక నొప్పికి పూర్తి విశ్రాంతి మందు కాదు, టెండన్‌కి మెల్లగా పని చెప్పాలి. సమనేల మీద, గోడ పట్టుకుని, రెండు కాళ్ల మీద నిలబడి మూడు సెకన్లలో మడమలు పైకి లేపండి, మూడు సెకన్లలో దించండి. 15 సార్లు, కాస్త ఆగి మళ్లీ, మూడు విడతలు, రోజు విడిచి రోజు. అది తేలికయ్యాక ఒంటి కాలి మీద. ఆ తర్వాత చేతిలో బరువుతో. మోకాలి కోసం కుర్చీలోంచి చేతులు ఆనించకుండా మెల్లగా కూర్చుని లేవడం చాలు, తర్వాత అదీ ఒంటి కాలితో. నెల రోజుల్లో ఏమీ తేలకపోతే నిరుత్సాహపడకండి. ఇలాంటి టెండన్ నొప్పికి ఇచ్చే వ్యాయామాలే 12 వారాలుంటాయి. ఎంత చేయొచ్చన్నదానికి కొలత మీ దగ్గరే ఉంది: పొద్దున మంచం దిగాక కుంటే ఆ పది అడుగులు. పరుగు మర్నాడు ఆ పది ఐదైతే బాగుంది. పదిహేనైతే నిన్నటిది ఎక్కువైంది. పరిగెత్తేటప్పుడు నొప్పి పదికి మూడు దాకా ఉండొచ్చు, అంతకుమించితే నడకలోకి మారండి.

బూట్ల గురించి ఎక్కువ చెప్పను. అమెరికా సైన్యంలో, వైమానిక దళంలో, మెరైన్ దళంలో కొత్తగా చేరినవాళ్లకు పాదం ఒంపునుబట్టి బూట్లు ఇచ్చి చూశారు, గాయాలు తగ్గలేదు. చదునుపాదాలతో ఏడాదిన్నర హాయిగా పరిగెత్తారు కదా మీరు. కొత్తవి సుఖంగా ఉంటే వాడండి, లేకపోతే పాతవే నయం. మడమ బాగా పల్చగా ఉన్న బూట్లు మాత్రం ఇప్పుడొద్దు, మీ టెండన్ ఇంకా సాగాల్సి వస్తుంది. పరుగుకు ముందు కదలకుండా నిలబడి పిక్కలు సాగదీయడం కూడా అంతే. ఆస్ట్రేలియా సైన్యంలో 1,500 మందికి పైగా కొత్తవాళ్ల మీద పరీక్షిస్తే గాయాలేమీ తగ్గలేదు. ఐదు నిమిషాలు చురుగ్గా నడిచి మొదలుపెట్టండి.

ఇక పోటీ. మీ ముందు నాలుగు దారులున్నాయి.

మీవారు చెప్పినట్టు పరుగు మానేసి నడవడం. ఆరోగ్యం కోసమే అయితే చురుకైన నడక ఏమాత్రం తక్కువ కాదు. దీన్ని ఓటమిగా అనుకోనక్కర్లేదు. కానీ వారానికి 12 కిలోమీటర్లు మీ ఒంటికి పడ్డాయని ఏడాదిన్నర రుజువు ఉంది. ఆ అరగంట మీకు ఎంత విలువైనదో మీరే రాశారు. నొప్పి భయంతో దాన్ని వదిలేస్తే మీవారి ఆందోళన తీరుతుంది, మీ వెలితి మిగులుతుంది.

రెండోది, ఎలాగైనా 21 కిలోమీటర్లు పరిగెత్తడం. పది వారాల్లో మొదటి రెండు మూడు నొప్పి సర్దుకోవడానికే పోతాయి. మిగిలిన ఏడు వారాల్లో సున్నా దగ్గర నుంచి 18 దాకా పెంచాలి. ఇంతకుముందు ఏం చేసి దెబ్బతిన్నారో సరిగ్గా అదే మళ్లీ చేయడం. గీత దాటొచ్చు, దాటినవాళ్లు ఉన్నారు. దాటాక మూడు నాలుగు నెలలు కుంటినవాళ్లూ ఉన్నారు. ఆ బేరం మీకు ఇష్టమో కాదో మీరు తేల్చుకోవాలి.

మూడోది, అదే రోజున 10 కిలోమీటర్ల పోటీ ఉంటే దానికి మారడం. కొన్నిచోట్ల గడువులోగా అడిగితే మారుస్తారు, నిర్వాహకులను ఈ వారమే అడగండి. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక అనుకుంటే పది వారాలు సరిపోతాయి. హాఫ్‌కే వెళ్లి సగానికిపైగా నడవడం కూడా ఉంది, కాకపోతే ముగింపు గడువు ఎన్ని గంటలో ముందే చూసుకోండి. అదీకాక పోటీ రోజు చుట్టూ అందరూ పరిగెత్తుతుంటే నడకలో ఉండటం ఎంత కష్టమో అక్కడికెళ్తే గానీ తెలియదు.

నాలుగోది, ఈసారి వదిలేసి ఐదారు నెలల తర్వాత ఇంకో హాఫ్ ఎంచుకోవడం. ఒంటికి అన్నిటికన్నా మంచిది ఇదే. మనసుకి మాత్రం మొదటి నెల కష్టంగా ఉంటుంది, ముఖ్యంగా ఆదివారాలు గ్రూపు ఫొటోలు పెట్టినప్పుడు.

మీ స్థానంలో నేనుంటే మూడోదానికే వెళ్తాను. పోటీ రోజు కోసం ఎదురుచూడటం మీకు ఇష్టమని ఉత్తరమంతా తెలుస్తోంది, ఆ తేదీ పూర్తిగా పోతే మీరు మొదటి దారిలోకి జారిపోతారేమోనని నా భయం. అయితే మీ పొద్దుటి పది అడుగులు మూడు వారాల తర్వాత కూడా పదిగానే ఉంటే, నా మాట పక్కన పెట్టి నాలుగోది ఎంచుకోండి. అప్పుడు మంచి ఫిజియోథెరపిస్టును కూడా కలవండి. పరుగును వీడియో తీసి చూసేవాళ్లైతే మేలు. తీసుకెళ్లాల్సింది స్కాన్లు కాదు, వారం వారం ఎంత పరిగెత్తారో నాకు రాసినట్టే ఒక కాగితం మీద రాసుకెళ్లండి. మొదటి పది నిమిషాల్లో ఆ లెక్క అడగకుండా పాదం ఇలా పెట్టు అలా పెట్టు అనేవాళ్లైతే ఇంకొకరిని వెతుక్కోండి. కోచ్ విషయంలోనూ అంతే.

పెద్దాయన గురించి మీరు అనవసరంగా టెన్షన్ పడుతున్నారు. ఆయన చెప్పింది తప్పని నిరూపించాల్సిన పని లేదు. "మీరు చెప్పినట్టు చేశాక మోకాలు తగ్గింది సార్, కానీ మడమ వెనక పట్టేసింది. కొన్నాళ్లు అడుగులు చిన్నవి చేసుకుని చూస్తాను" అంటే సరిపోతుంది. రెండూ నిజాలే. మునివేళ్ల పరుగు ఆయనకు పడి ఉంటుంది, ఎన్నో ఏళ్లుగా ఆయన పిక్కలు ఆ పనికి అలవాటు పడి ఉంటాయి. మీకు పది రోజులే దొరికాయి. మీవారికి మాత్రం పొద్దుటి అడుగుల లెక్క రోజూ చెప్పండి. పది కాస్తా ఏడు, ఏడు కాస్తా నాలుగు అవుతుంటే ఆయన ఆపేయమనడం కూడా తగ్గుతుంది.

ఆరు వారాలయ్యాక అదే చోట, అదే వేగంతో, పక్క నుంచి ఇంకో వీడియో తీయించుకోండి. రెంటిలోనూ పాదం నేలను తాకిన మొదటి ఫ్రేమ్ పక్కపక్కన పెట్టి, బూటు మోకాలికి ఎంత దగ్గరికి వచ్చిందో చూసి నాకు రాయండి. ఎడమ చేయి ఇంకా ఎవరినో తోసేస్తున్నట్టే ఊగుతుంటే ఊగనివ్వండి.